పాత 50 వైడ్ లెన్సు, 12 ఫ్రేముల్లో 9 మసక: తప్పు లెన్సుదా, నాదా?

మెహదీపట్నం_మధు
ఏడాదిగా పెంటాకాన్ సిక్స్ ఫిల్ము కెమెరా వాడుతున్నాను, దాంతో వచ్చిన 80 ఎంఎం లెన్సుతోనే. పాతబస్తీ సందుల్లో 80తో ఏదీ పట్టడం లేదని డబ్బు కూడబెట్టి కార్ల్ జైస్ యెనా ఫ్లెక్టోగాన్ 50 ఎంఎం ఎఫ్/4 కొన్నాను. నలుపు, వెండి చారల రింగులున్న పాత మోడల్. టార్చి వేసి చూశాను, ఫంగస్ లేదు, గీతలు లేవు, ఫోకస్ రింగు కాస్త బరువుగా తిరుగుతుంది అంతే.

మొన్న ఆదివారం పొద్దున కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఒక రోలు తీశాను. ఎఫ్‌పీ4 ప్లస్ నలుపు-తెలుపు ఫిల్ము, మంచి ఎండ. బయట తీసిన 9 ఫ్రేములూ అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, అంకె పెద్దదైతే రంధ్రం చిన్నది) ఎఫ్/11, షట్టర్ 1/250 సెకను. లెన్సు మీదున్న స్కేలు చూసి ఫోకస్ 4 మీటర్ల దగ్గర పెట్టాను, అప్పుడు దగ్గర నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగా రావాలి కదా. రాలేదు. ఒక ఫ్రేములో ముందున్న రాతి స్తంభం బ్రహ్మాండంగా ఉంది, వెనక ముహమ్మద్ కులీ సమాధి మసక. మూలలైతే ఇంకా అన్యాయం. ల్యాబ్‌లో చూపిస్తే "పాత వైడ్ లెన్సులు ఇంతే తమ్ముడూ, తిరిగిచ్చెయ్" అన్నారు. అమ్మినతను 10 రోజులు గడువు ఇచ్చాడు, ఇంకా 4 రోజులే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. తిరిగి ఇచ్చేయాలా?

కూకట్‌పల్లి_క్లిక్
ఇన్ఫినిటీ ఫోకస్, అదే బాగా దూరంవాటి ఫోకస్, తప్పింది. ఎవరో విప్పి మళ్ళీ సరిగ్గా బిగించలేదు. దూరంవి మసక, దగ్గరవి స్పష్టం అంటే ఇంకేం కావాలి? ఇచ్చెయ్ బ్రో.

బేగంపేట_బ్రోమైడ్
అంత తొందరగా తీర్పు వద్దు. ఫ్లెక్టోగాన్ 50 నేను చాలాకాలం వాడాను. ఇది రెట్రోఫోకస్ లెన్సు. పెంటాకాన్ సిక్స్‌లో ఫోటో తీసే క్షణాన లోపలి అద్దం పైకి లేవాలంటే లెన్సు వెనక చాలా ఖాళీ ఉండాలి. 50 ఎంఎం లెన్సు మామూలుగా ఫిల్ముకు 50 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి, అక్కడ అద్దానికి చోటు ఉండదు. అందుకే ముందు పెద్ద గాజు పెట్టి లెన్సును ఫిల్ముకు దూరంగా ముందుకు జరుపుతారు. దాని మూతి 86 ఎంఎం ఫిల్టరు పట్టేంత వెడల్పు ఉండేది అందుకే. దీనికి మూల్యం మూలల్లో చెల్లిస్తాం. ఎఫ్/4లో మూలలు మెత్తగా ఉంటాయి, ఎఫ్/8, ఎఫ్/11కి వచ్చేసరికి చక్కబడతాయి.

కానీ మధు ఎఫ్/11లో తీశానంటున్నాడు. ఎఫ్/11లో ఇలా రాకూడదు. ఇక్కడే నాకు లెక్క కుదరడం లేదు.

డిజిటల్_దిలీప్
ఫోన్‌లో 0.5 నొక్కితే ఇంతకంటే వైడ్ వస్తుంది కదా భయ్యా. రోలు, డెవలప్, స్కాన్, పైగా మసక. ఎందుకీ కష్టం?

మల్కాజిగిరి_120
@డిజిటల్_దిలీప్ ఆరు బై ఆరు సెంటీమీటర్ల నెగటివ్‌ను ఒక్కసారి లైట్ బాక్సు మీద పెట్టి చూడు, తర్వాత మాట్లాడుకుందాం. ప్రతి వైపూ దాదాపు 56 ఎంఎం. 35 ఎంఎం ఫ్రేముకు మూడున్నర రెట్లు పైనే విస్తీర్ణం.

మధు, నా అనుమానం వణుకు మీద. పెంటాకాన్ సిక్స్ అద్దం లేస్తే చేతిలో కోడి రెక్కలు కొట్టుకున్నట్టు ఉంటుంది. ఇంకో మాట, ఫ్రేముల మధ్య ఖాళీ సరిగా వచ్చిందా?

మెహదీపట్నం_మధు
@మల్కాజిగిరి_120 రెండు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కాయి. అది 80తో కూడా అప్పుడప్పుడు జరిగేది. 1/250లో వణుకు వస్తుందా? వస్తే ముందున్న స్తంభం కూడా వణకాలి కదా, అది గీసినట్టు స్పష్టంగా ఉంది.

మల్కాజిగిరి_120
అవును, అది నిజమే. వణుకు మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఫ్రేములు ఎక్కడం మాత్రం ఈ కెమెరాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఫిల్ము ఎక్కించేటప్పుడు కాగితం బిగుతుగా ఉండాలి. లివరును ఒకే ఊపులో చివరిదాకా తిప్పు, తిరిగి వచ్చేటప్పుడు టప్పున వదలకు, చేత్తోనే వెనక్కి తీసుకురా. నేను అలా మొదలుపెట్టాక ఫ్రేములు ఎక్కడం దాదాపు ఆగింది.

దేవి_డార్క్‌రూమ్
మధు, స్కాన్లు పక్కన పెట్టు. నెగటివ్‌లు చేతిలోకి తీసుకుని కిటికీకి పట్టి చూడు. బయట తీసిన 9 ఎలా ఉన్నాయి? మిగతా 3 ఎక్కడ తీశావు, ఏ అపర్చర్‌లో? ఆ 3 గురించి నువ్వు ఏమీ చెప్పలేదు.

మెహదీపట్నం_మధు
@దేవి_డార్క్‌రూమ్ మంచి ప్రశ్న అడిగారు అక్కా, ఇప్పుడే చూశాను. బయటవి చాలా నల్లగా, చిక్కగా ఉన్నాయి. ఆకాశం దగ్గర అవతలి వెలుగే కనపడటం లేదు. మిగతా 3 సమాధి లోపల తీశాను, కెమెరా గట్టు మీద ఆనించి ఎఫ్/4, 1/15. ఫోకస్ స్క్రీన్‌లో చూసి పెట్టాను. అవి బాగా వచ్చాయి, నెగటివ్‌లు కూడా మామూలుగా ఉన్నాయి. ల్యాబ్‌లో ఎక్కువ డెవలప్ చేశారేమో అనుకున్నా.

దేవి_డార్క్‌రూమ్
ఒకే రోలు, ఒకే ట్యాంకు. ఎక్కువ డెవలప్ చేసి ఉంటే లోపల తీసిన 3 కూడా నల్లబడేవి. కాబట్టి ల్యాబ్ తప్పు కాదు.

నీ లెన్సు అపర్చర్ మూసుకోవడం లేదు. నువ్వు ఎఫ్/11 అని పెట్టావు, ఫోటో ఎఫ్/4లోనే పడింది. మూడు స్టాపులు ఎక్కువ, అంటే ఎనిమిది రెట్ల వెలుగు. లోపల నువ్వు అడిగిందే ఎఫ్/4 కాబట్టి అక్కడ తేడా తెలియలేదు.

ఇప్పుడు ఫోకస్ లెక్క చూడు. 50 ఎంఎం, ఎఫ్/11, 4 మీటర్ల దగ్గర పెడితే సుమారు 2 మీటర్ల నుంచి అనంతం దాకా పనికొస్తుంది. అదే ఎఫ్/4 అయితే సుమారు 3 మీటర్ల నుంచి ఆరున్నర మీటర్ల దాకానే. నీ స్తంభం ఆ హద్దుల్లో ఉంది, సమాధి అవతల ఉంది. మూలలు మెత్తబడ్డాయంటే అది కూడా ఎఫ్/4 లక్షణమే. బేగంపేట గారు లెక్క కుదరలేదన్నది ఇక్కడే.

ఇన్ఫినిటీ తప్పలేదని మాత్రం ఇంకా చెప్పలేం. అది వేరే పరీక్ష.

బేగంపేట_బ్రోమైడ్
శభాష్ దేవి గారూ. నెగటివ్ రంగు అడగాలని నాకు తట్టలేదు. స్కాన్ యంత్రం ఎంత నల్లటి నెగటివ్‌నైనా సర్దేసి చూపిస్తుంది, అందుకే తెర మీద చూస్తే ఈ తప్పు దొరకదు.

కూకట్‌పల్లి_క్లిక్
అపర్చర్ మూసుకోకపోవడమేంటి? మధు రింగు తిప్పాడు కదా?

దేవి_డార్క్‌రూమ్
@కూకట్‌పల్లి_క్లిక్ ఆటో లెన్సుల్లో రింగు తిప్పితే బ్లేడ్లు, అంటే అపర్చర్ రంధ్రాన్ని మూసే సన్నని రేకులు, కదలవు. స్క్రీన్ వెలుగ్గా కనిపించాలని అవి పూర్తిగా తెరిచే ఉంటాయి. షట్టర్ నొక్కినప్పుడు కెమెరా లోపలి మీట లెన్సు వెనకున్న పిన్నును నెడుతుంది, అప్పుడు బ్లేడ్లు టక్కున నువ్వు పెట్టిన చోటికి మూసుకోవాలి. అంతా రెప్పపాటులో జరిగిపోవాలి. బ్లేడ్ల మీద నూనె చేరితే అవి ఒకదానికొకటి అతుక్కుని బద్ధకంగా కదులుతాయి. అవి మూసుకునేలోగా షట్టర్ పని అయిపోతుంది.

యెనా లెన్సుల్లో ఇది చాలామంది చూసిన జబ్బు. ఫోకస్ గాడిలో పెట్టిన గ్రీజు ఏళ్ళు గడిచాక విడిపోతుంది. గట్టిపడిన భాగం అక్కడే ఉండి రింగును బరువెక్కిస్తుంది, పల్చని నూనె బ్లేడ్ల మీదకి పాకుతుంది. మధు మొదటి పోస్టులోనే రింగు బరువుగా తిరుగుతుందని రాశాడు, గమనించండి.

మల్కాజిగిరి_120
మన ఊరి మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద లెన్సు వదిలేస్తే ఈ పని ఇంకా తొందరగా అవుతుంది. మా తమ్ముడు ఒకసారి అలా చేశాడు, ఒక్క వేసవిలో బ్లేడ్లు తడిసిపోయాయి.

దేవి_డార్క్‌రూమ్
మధు, పరీక్ష ఇలా చెయ్యి. లెన్సు కెమెరా నుంచి తియ్యి. ఆటో–మాన్యువల్ మీట ఆటోలో పెట్టు. రింగు ఎఫ్/22 దగ్గరకు తిప్పు. వెనక పిన్నును వేలితో నొక్కు. బ్లేడ్లు టక్కున మూసుకుని, వదలగానే టక్కున తెరుచుకోవాలి. మెల్లగా వస్తే నూనె. టార్చి పక్క నుంచి వేసి చూస్తే బ్లేడ్ల మీద తడి మెరుపు కనిపిస్తుంది. గాజు చూసేటప్పుడు అందరూ ఫంగస్ కోసం చూస్తారు, బ్లేడ్లు చూడరు.

మెహదీపట్నం_మధు
చేశాను. పిన్ను నొక్కితే బ్లేడ్లు ఒకటి, ఒకటిన్నర సెకన్లకి మెల్లగా ముడుచుకుంటున్నాయి, నిద్రమత్తులో ఉన్నవాడి కళ్ళు మూతపడినట్టు. వదిలితే సగం తెరుచుకుని ఆగుతున్నాయి, ఇంకో క్షణం పట్టి పూర్తిగా తెరుచుకుంటున్నాయి. టార్చి వేస్తే నూనె మెరుపు స్పష్టంగా ఉంది.

దేవి అక్కా, ధన్యవాదాలు. రెండు రోజులుగా నిద్ర లేదు. ఇప్పుడు తిరిగి ఇవ్వాలా, బాగు చేయించాలా?

డిజిటల్_దిలీప్
ఇది మాత్రం నిజంగా డిటెక్టివ్ కథలా ఉంది. చదువుతున్నా, ఆపకండి.

కూకట్‌పల్లి_క్లిక్
నా మాట అదే. తిరిగి ఇచ్చెయ్. పని చేయని లెన్సును పని చేస్తుందని అమ్మాడు. గడువు ఉండగానే డబ్బు వెనక్కి తీసుకో.

బేగంపేట_బ్రోమైడ్
నేను ఒప్పుకోను. గాజు శుభ్రంగా ఉన్న ఫ్లెక్టోగాన్ దొరకడమే కష్టం. మన దగ్గర వానాకాలం దాటి వచ్చిన పాత లెన్సుల్లో ఎన్నింటికి ఫంగస్ లేదు? ఫంగస్ గాజు పూతను తినేస్తే ఏ మెకానిక్కూ తిరిగి తేలేడు. నూనె అంటారా, కడిగితే పోతుంది. అమ్మినతనితో మాట్లాడి బాగుచేత ఖర్చు ధరలో తగ్గించమని అడుగు. మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

మల్కాజిగిరి_120
నేను బేగంపేట అన్న పక్షం. బదులుగా ఇంకోటి కొన్నా దానికీ ఇదే ఉండదని ఏం గ్యారంటీ? కీవ్‌లోని ఆర్సెనల్ ఫ్యాక్టరీ మిర్-26, 45 ఎంఎం ఎఫ్/3.5 కూడా ఇదే మౌంటుకు, అంటే కెమెరాకు లెన్సు బిగించే చోటుకు, పడుతుంది. ఇంకా వైడ్. కానీ అందులో ఒక్కో లెన్సు ఒక్కోలా ఉంటుంది. నాది మంచిది తగిలింది, స్నేహితుడిది ఒకవైపు ఎప్పుడూ మసకే.

సికింద్రాబాద్_స్టూడియో
బాబూ మధూ, లైటర్ ఫ్లూయిడ్ పోసి ఇంట్లో కడిగేద్దామని మాత్రం అనుకోవద్దు. ముందు నుంచి పోస్తే నూనె కరిగి గాజుల మధ్యకి చేరుతుంది, తర్వాత ఆరిపోయి పొగలా పేరుకుంటుంది. బ్లేడ్లు విప్పి, ఒక్కొక్కటి తుడిచి, పొడిగా మళ్ళీ పేర్చాలి. ఆ బ్లేడ్లకు నూనె అసలు ఉండకూడదు. ఫోకస్ గాడికి మాత్రం కొత్త గ్రీజు, అది కూడా పల్చగా.

మా నాన్నగారి స్టూడియోలో యాషికా మ్యాట్ 124జీ వాడేవాళ్ళం. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందూ రోళ్ళు పెట్టెలకొద్దీ తెప్పించేవాళ్ళం. పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక కెమెరాలన్నీ ఒకరోజు బయటపెట్టి షట్టర్లు, బ్లేడ్లు ఒక్కొక్కటి పరీక్షించడం నాన్నగారి నియమం. ఆయన మాట ఒకటే, "కస్టమరు ముందు తెలియకూడదు, మన ముందే తెలియాలి."

మెహదీపట్నం_మధు
@సికింద్రాబాద్_స్టూడియో సర్, మీరు చెప్పకపోతే ఈ రాత్రికి అదే చేసేవాడిని. వీడియోలో ఒకతను సిరంజితో పోస్తున్నాడు.

కొత్త సంగతి: అమ్మినతనికి ఫోన్ చేసి బ్లేడ్ల వీడియో పంపాను. ఆయనకీ తెలియదట, ఫిల్ము వేసి పరీక్షించలేదట. బాగుచేత ఖర్చు తగ్గిస్తానని ఒప్పుకున్నాడు. ఉంచుకుంటున్నాను!

దేవి_డార్క్‌రూమ్
మంచి పని చేశావు. ఇచ్చేముందు ఇన్ఫినిటీ పరీక్ష కూడా చేసెయ్, ఒకే ఖర్చుతో రెండూ సర్దుతారు. కెమెరా వెనక మూత తెరువు. ఫిల్ము నడిచే పట్టాల మీద ఫోకసింగ్ గ్లాసు గాని, ట్రేసింగ్ కాగితం బిగించిన గాజుముక్క గాని గరుకు వైపు లెన్సుకేసి పెట్టు. షట్టర్ బీలో (నొక్కినంతసేపూ తెరిచి ఉండే చోట) పెట్టి, కేబుల్‌తో తెరిచి ఉంచు. లెన్సు ఎఫ్/4, అనంతం మీద. దూరంగా ఉన్న సెల్ టవరు మీద భూతద్దంతో చూడు. అక్కడ స్పష్టంగా ఉండి, పైన స్క్రీన్‌లో మసకగా ఉంటే తప్పు స్క్రీన్‌ది. అక్కడే మసకైతే తప్పు లెన్సుది.

మెహదీపట్నం_మధు
చేశాను. మా బిల్డింగ్ టెర్రస్ నుంచి దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు మెట్లు లెక్కపెట్టగలిగేంత స్పష్టం. స్క్రీన్‌లో కూడా అంతే. అంటే ఇన్ఫినిటీ బాగానే ఉంది. @కూకట్‌పల్లి_క్లిక్ సారీ బ్రో.

కూకట్‌పల్లి_క్లిక్
పర్లేదు, నేనూ ఒకటి నేర్చుకున్నా. నా 80 బ్లేడ్లు ఇప్పుడే చూసుకున్నా, పొడిగా ఉన్నాయి.

నీడలవేట
నెలాఖరులోగా లెన్సు తిరిగి రాదేమో. ఈలోగా వాడుకోవచ్చా? మధుకి కాదు, నాకే కావాలి ఈ సమాధానం. నా 50కీ ఇదే రోగం.

దేవి_డార్క్‌రూమ్
@నీడలవేట వాడుకోవచ్చు. మీటను మాన్యువల్‌లో పెట్టండి. ఎఫ్/4లో ఫోకస్ చేయండి, తర్వాత రింగును కావలసిన చోటికి తిప్పండి, రెండు మూడు క్షణాలు ఆగండి, ముందు నుంచి లెన్సులోకి తొంగి చూసి బ్లేడ్లు నిజంగా ముడుచుకున్నాయని నిర్ధారించుకున్నాకే నొక్కండి. స్క్రీన్ చీకటిగా ఉంటుంది, ఓర్చుకోవాలి. కట్టడాలు ఎక్కడికీ పారిపోవు కాబట్టి ఈ పద్ధతి సరిపోతుంది. మనుషుల్ని తీయడానికి పనికిరాదు.

నీడలవేట
నా రెండేళ్ళ ఫోటోలకి కారణం దొరికింది. ఎండలో తీసినవన్నీ ఎందుకు తెల్లబోయాయో ఇప్పుడు తెలిసింది.

మెహదీపట్నం_మధు
ఇంకో సందేహం. నిట్టనిలువుగా ఉండాల్సిన మినార్లన్నీ లోపలికి వాలిపోయాయి. చార్మినార్ దగ్గర ఇంతకుముందు వేరేవాళ్ళ 50తో తీసినప్పుడూ ఇదే. నాలుగు మినార్లూ ఒకదాన్నొకటి ముద్దుపెట్టుకోబోతున్నట్టు ఉన్నాయి.

బేగంపేట_బ్రోమైడ్
కెమెరా పైకెత్తావు కాబట్టి. లెన్సు తప్పు కాదు. ఫిల్ము గోడకు సమాంతరంగా లేకపోతే నిలువు గీతలు పైన దగ్గరకొస్తాయి, ఏ లెన్సుతోనైనా. వైడ్‌లో ఎక్కువ పైకెత్తుతాం కాబట్టి ఎక్కువ కనిపిస్తుంది. పాత పలక కెమెరాల్లో లెన్సు బోర్డును పైకి జరిపే వీలుండేది, అందుకే ఆ కాలం కట్టడాల ఫోటోల్లో గోడలు నిటారుగా నిలబడతాయి. ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ ఫోటోలు పెద్ద సైజులో ఎక్కడైనా కనిపిస్తే దగ్గరగా నిలబడి చూడు. గోడలనే చూడు.

మన ఆరు బై ఆరులో ఒక ఉపాయం ఉంది. కెమెరాను మట్టంగా పట్టుకో, మేస్త్రీల రసమట్టంలో ఉండే లాంటి చిన్న బుడగ కెమెరా మీద పెట్టుకుంటే చాలు. కట్టడం ఫ్రేము పై భాగంలోకి వచ్చేదాకా వెనక్కి నడువు. కింద రోడ్డు అంతా పడుతుంది, దాన్ని ప్రింటులో కోసెయ్. చతురస్రం నెగటివ్ ఇచ్చే వరం అది. పైన సగం, కింద కొంచెం ఉంచుకున్నా పెద్ద నెగటివే మిగులుతుంది.

మల్కాజిగిరి_120
లెక్క కావాలంటే: 50 లెన్సు ఆరు బై ఆరులో నిలువుగా దాదాపు 58 డిగ్రీలు చూస్తుంది. మట్టంగా పెడితే అందులో సగమే పైకి. 50 మీటర్ల ఎత్తు పట్టాలంటే దాదాపు 90 మీటర్లు వెనక్కి వెళ్ళాలి. చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ వైపు నడవడమే దారి, అది కూడా తెల్లవారుజామున. పది దాటితే గాజుల బండ్లు, ఆటోలు, జనం. వాళ్ళే ఫోటో కావాలంటే అది వేరే సంగతి, అదీ అందమే.

కూకట్‌పల్లి_క్లిక్
అంత లెక్కెందుకు, హాసెల్‌బ్లాడ్ సూపర్‌వైడ్ కొనుక్కుంటే సరి. 38 ఎంఎం బయోగాన్ లెన్సు, అద్దమే లేదు, గీత గీతలాగే వస్తుంది.

బేగంపేట_బ్రోమైడ్
@కూకట్‌పల్లి_క్లిక్ 1954లో వచ్చిన ఆ కెమెరా మీద నాకు ఇప్పటికీ మనసుంది. అద్దం లేదు కాబట్టి లెన్సు ఫిల్ముకు ఆనుకున్నంత దగ్గరగా కూర్చుంటుంది, రెట్రోఫోకస్ అవసరమే లేదు. కానీ ఫోకస్ అంచనాతో పెట్టాలి, పైనున్న విడి వ్యూఫైండర్‌లోంచి చూడాలి. ధర సంగతి వద్దులే. కట్టడాల మీద పిచ్చి ఉంటే కీవ్ వాళ్ళదే 55 ఎంఎం షిఫ్ట్ ఆర్సాట్, పలక కెమెరాలోలా పైకి జరిపే లెన్సు, ఒకటి ఉంది, అది మధు మౌంటుకు పడుతుంది.

సికింద్రాబాద్_స్టూడియో
మీరంతా కట్టడాన్ని మొత్తం పట్టించడం గురించే మాట్లాడుతున్నారు. నాకు వేరే అభిప్రాయం ఉంది. వైడ్ లెన్సు వెనక్కి వెళ్ళడానికి కాదు, ముందుకు వెళ్ళడానికి. మొత్తం పట్టించాలని తీసిన ఫోటోలో కట్టడం అగ్గిపెట్టెంత, ముందంతా ఖాళీ నేల. ఆ ఖాళీ నేలలో ఏముందో ముందు చూసుకోవాలి. ఒక మెట్టు, ఒక చెప్పుల జత, ఒక విరిగిన గచ్చు ముక్క. దాని దగ్గరకు అరమీటరు దాకా వెళ్ళనిస్తుంది ఈ ఫ్లెక్టోగాన్. అక్కడి నుంచి కట్టడం వెనక నిలబడుతుంది.

మనుషుల్ని మాత్రం మూలల్లో నిలబెట్టకండి. పెళ్ళి గ్రూపు ఫోటో వైడ్‌తో తీస్తే అంచుల్లో ఉన్న మేనత్తల ముఖాలు గుమ్మడికాయల్లా సాగుతాయి. మాకు ఒకసారి పెద్ద గొడవే అయ్యింది.

దేవి_డార్క్‌రూమ్
@సికింద్రాబాద్_స్టూడియో ఈ మాట నేను ముద్రించి గోడకు అంటించుకుంటా సర్. నిజాం కాలపు పైగా ప్రభువుల సమాధులు, పైగా టూంబ్స్ దగ్గర నాకూ ఇదే అనుభవం. సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో పైగా వాళ్ళ సమాధుల వరండాలు ఇరుకు. 80తో జాలీ ఒక్కటే పడుతుంది. 50తో జాలీకి అరమీటరు దూరంలో కూర్చుంటే సున్నపు పూల చెక్కడం, వెనక సాగిపోయే కమాన్ల వరుస, నేల మీద జాలీ నీడ, మూడూ ఒకే ఫ్రేములో పడ్డాయి. అక్కడే ఈ లెన్సు ఎందుకు కొన్నానో నాకు అర్థమైంది.

నీడలవేట
ఎండ నేరుగా పడితే? నా చారల మోడల్లో పొద్దున సూర్యుడు పక్కన ఉన్నా ఫోటో అంతా పాలిపోతుంది.

మల్కాజిగిరి_120
చారల మోడళ్ళకి ఒకే పూత. తర్వాత వచ్చిన నల్ల మోడళ్ళలో ఎంసీ అని రాసి ఉన్నవాటికి పూత పొరలు ఎక్కువ, కాస్త నయం. ముందు గాజు అంత పెద్దదైతే ఎండ ఎక్కడి నుంచైనా దూరుతుంది. నేను టోపీ తీసి ఫ్రేములోకి రాకుండా పైన అడ్డం పెడతా. చేతులు చాలకపోతే పక్కవాణ్ణి నిలబెడతా.

కూకట్‌పల్లి_క్లిక్
ఇంట్లో డెవలప్ చేసేవాళ్ళు ఈ ఎండల్లో ఏం చేస్తున్నారు? మా కుళాయి నీళ్ళే వేడి నీళ్ళు. 33 డిగ్రీలు.

దేవి_డార్క్‌రూమ్
ఎఫ్‌పీ4 ప్లస్, ఐడీ-11 డెవలపర్ ఒకటికి నీళ్ళు ఒకటి, 20 డిగ్రీల్లో 11 నిమిషాలు. 24లో సుమారు 8. అంతకంటే వేడి వద్దు, సమయం మరీ తగ్గిపోతే ఫిల్ము మీద మరకలు మరకలుగా వస్తుంది. నేను స్టీలు బేసిన్‌లో ఐసు వేసి, అందులో సీసాలు పెట్టి 24కి తెస్తా. ఫిక్సరు, కడిగే నీళ్ళు కూడా అదే వేడిలో ఉండాలి, అది మర్చిపోకండి.

మెహదీపట్నం_మధు
మూడు వారాల తర్వాత వస్తున్నా. కోఠీలో ఒక పెద్దాయన విప్పి బ్లేడ్లు కడిగారు, గాడికి కొత్త గ్రీజు వేశారు. పిన్ను నొక్కితే ఇప్పుడు టక్. రింగు వేలితో తిరుగుతోంది. విప్పినప్పుడు నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని చూపించారు. తుడిచిన గుడ్డ మీద పసుప్పచ్చ మరక, ఎప్పటి గ్రీజో.

నిన్న పొద్దున మళ్ళీ కుతుబ్‌షాహీ వెళ్ళాను. అదే చోటు, అదే స్తంభం, అదే ఎఫ్/11, 1/250, 4 మీటర్లు. ఈసారి స్తంభమూ స్పష్టం, వెనక సమాధీ స్పష్టం, మూలల్లో చెట్టు ఆకులు కూడా. ఫ్రేములు ఒక్కటి కూడా ఎక్కలేదు, మల్కాజిగిరి అన్నకి ప్రత్యేకంగా.

కానీ నాకు నచ్చింది అది కాదు. చివరి ఫ్రేము. తోటమాలి నీళ్ళ పైపు మెట్ల మీద వదిలి వెళ్ళాడు. అరమీటరు దూరంలో కూర్చుని ఆ పైపు మీదుగా తీశాను. పైపు పాములా ముందుకు వచ్చి, నీళ్ళ తడి మెట్ల మీద మెరుస్తూ, వెనక గుమ్మటం. మట్టంగానే పట్టుకున్నా, గోడలు నిటారుగా ఉన్నాయి. స్టూడియో సర్, ఇది మీకోసం.

సికింద్రాబాద్_స్టూడియో
చూశాను బాబూ. గుమ్మటం కంటే ముందు పైపు మీదకే కన్ను పోయింది. దీన్ని పెద్దది ప్రింటు చెయ్యి, కనీసం 12 బై 12. నా దగ్గర ఎన్‌లార్జర్ ఉంది, వచ్చి చేసుకో.

డిజిటల్_దిలీప్
ఒక ప్రశ్న. మొదలుపెట్టడానికి 50 కొనాలా, 80తో వచ్చే కెమెరా చాలా? ఎర్రగడ్డ సండే మార్కెట్లో ఒకటి చూశా.

దేవి_డార్క్‌రూమ్
@డిజిటల్_దిలీప్ 80 చాలు. కొనేముందు వెనక మూత తెరిచి షట్టర్ గుడ్డకు చిల్లులున్నాయేమో వెలుగుకి పట్టి చూడు. లెన్సు పిన్ను నొక్కి చూడటం ఇప్పుడు నీకు తెలుసు.

మెహదీపట్నం_మధు
వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకి పైగా టూంబ్స్. ఎవరెవరు వస్తున్నారు? ఆకాశం కోసం పసుపు ఫిల్టరు కావాలి, 86 సైజు ఎక్కడా దొరకడం లేదు.

బేగంపేట_బ్రోమైడ్
నా దగ్గర ఉంది, తెస్తా. ఒక స్టాపు ఎక్కువ ఇవ్వాలి, గుర్తుంచుకో.

నీడలవేట
నేనూ వస్తున్నా. మాన్యువల్‌లో పెట్టుకుని, లోపలికి తొంగి చూస్తూ.

కూకట్‌పల్లి_క్లిక్
నేనూ. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా తరఫున.